చిన్నమ్మాయి వచ్చే వేళ

మూడో పిన్ను దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఎప్పటిలాగే తల పక్కకు తిప్పేసింది. గుచ్చుకుంటుందని భయం. చిన్నకూతురు పిన్నును పెదవుల మధ్య పెట్టుకుని, అమ్మ గడ్డం పట్టుకుని నెమ్మదిగా తనవైపు తిప్పుకుంది. అయిపోయిందమ్మా, ఇదొక్కటే అంది. ఇదొక్కటే అని రోజూ అంటుంది. రోజూ ఇంకొకటి మిగిలే ఉంటుంది.

తెల్లని నూలు గుడ్డ. ఉతికి ఉతికి మెత్తబడి చేతికి తగలనట్టే ఉంటుంది. దాని మధ్యలో అమ్మ ముఖం గుప్పెడంత. డెబ్బై ఎనిమిదేళ్ళకు బుగ్గలు లోపలికి పోయాయి, కనుబొమలు దాదాపు రాలిపోయాయి. కళ్ళు మాత్రం ఇప్పుడే ఎవరో తలుపు తట్టినట్టు ఎత్తి చూస్తూ ఉంటాయి. పొయ్యి మీద పాలు పొంగేలోపు, అద్దం అక్కర్లేకుండా హిజాబ్ కట్టేసుకుంటూ వచ్చిన మనిషి. కిందటేడు ఒక ఉదయం ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని, దాంతో ఏం చేయాలో తోచక చాలాసేపు చూసి, చివరికి మోకాలికి కట్టుకుంది. కూతురు ఫక్కున నవ్వింది. నవ్విన తరువాత స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. ఆనాటి నుంచి అమ్మకు తనే కడుతోంది.

అమ్మ చాలా మరిచిపోయింది. నాన్న పోయిన సంగతి, తాము ఉంటున్న వీధి, పొద్దున తిన్న తిండి, ఏవీ నిలవడం లేదు. వేళ్ళు మాత్రం ఏమీ మరవలేదు. చొక్కాల దుకాణానికి ముప్పై రెండేళ్ళు కాజాలు కుట్టిన వేళ్ళవి. కుర్చీలో కూర్చుందంటే చాలు, బొటనవేలూ చూపుడువేలూ కలిసి లేని సూదిని పట్టుకుంటాయి. ఒళ్ళో లేని చొక్కాకు ఒకదాని తరువాత ఒకటి కాజా కుడుతూనే ఉంటాయి. నమాజు కూడా అంతే. వేళకు పెదవులు వాటంతట అవే కదులుతాయి. ఎన్నో రకతులో, ఎన్నోసారి వంగి లేవడమో తెలియకపోయినా, ఏ పూటదో తెలియకపోయినా, ఒక్క మాట పొల్లుపోదు. అది చూసినప్పుడల్లా ఆమెకు కాస్త అసూయగా ఉంటుంది.

అమ్మది అయ్యాక తనది కట్టుకుంది. బూడిదరంగు గుడ్డ. నిమిషం పట్టలేదు. యాభై ఒకటి దాటింది ఆమెకు. నలభై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పని. మొదటిసారి కట్టింది అమ్మే. అప్పటికి తనకు పదేళ్ళు. బడికి బయలుదేరుతుంటే అమ్మ గడప దగ్గర కూర్చోబెట్టుకుని, మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని కట్టింది. ఇవాళ్టి నుంచి నువ్వు పెద్దదానివి అంది. తనకంటే నాలుగేళ్ళు పెద్దదైన అక్కకు అప్పటికింకా కట్టనేలేదు. అక్క గుమ్మంలో నిలబడి మూతి ముడుచుకుని చూసింది. ఆ రోజు బడికి నడిచి వెళ్తుంటే నేల మీద కాళ్ళు ఆనలేదు. అంతగా మళ్ళీ ఎన్నడూ గర్వపడలేదు, పెళ్ళి రోజున కూడా.

పక్కింటి నర్సు వచ్చింది. ఉద్యోగం వదిలేసి పదేళ్ళయినా వీధిలో అందరికీ ఆవిడ నర్సే. పగలంతా అమ్మకు తోడుండేది ఆవిడే. వస్తూనే వంగి అమ్మ పాదం మీద వేలితో నొక్కింది. సొట్ట పడి, చాలాసేపటిదాకా పూడలేదు. నిన్నటికంటే నీరెక్కువైందని ఆమెను వరండాలోకి పిలిచి చెప్పింది. డాక్టరు చెప్పింది గుర్తుంది కదా, గుండె అలిసిపోయింది, ఇక వారాల లెక్కా నెలల లెక్కా ఎవరూ చెప్పలేరు, నువ్వు మాత్రం మనసు గట్టి చేసుకో అంది. ఆమె సరేనని తలూపింది. చెప్పులు వేసుకుని, అమ్మకు వెళ్ళొస్తానని చెప్పింది. అమ్మ కాజా మీంచి తల ఎత్తకుండానే, తొందరగా రా అంది.

వీధి మూల మీద ఇస్త్రీ దుకాణంలో కూర్చునే పెద్దావిడ రోజూ సలాం చెబుతుంది. ఆమె జవాబు చెప్పి రెండడుగులు వేసేలోపు ఆవిడ రోజూ ఒకటే అడుగుతుంది, మా మనవరాలి కోసం దువా చేశావా తల్లీ అని. మనవరాలికి ఆరేళ్ళు, పుట్టినప్పటి నుంచి కాలు ఈడుస్తోంది. చేశాను అని ఆమె రోజూ చెబుతుంది.

ఏ ప్రార్థనా చేయడం లేదు. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

భర్త పోయిన మొదటి ఏడాది అయిదు పూటలా నమాజు చేసింది. బస్సు డిపోలో గుమాస్తాగా ఉండేవాడు. నెమ్మదైన మనిషి. పిల్లలు కలగలేదని ఒక్కనాడూ మాట తూలలేదు. ఇంట్లో కూర్చుని పత్రికలో గళ్ళ పజిలు నింపి, పెన్సిలును ఆమె చెవి మీద దోపి, దీనికింత మంచి చోటు ఇంకెక్కడుంది అనేవాడు. మూడు రోజుల జ్వరంతో పోయాడు. ఆ తరువాత ఆమె ఎంత అడిగిందో, ఏమేమి అడిగిందో లెక్కలేదు. బావిలో చేద విడిచినప్పుడు నీళ్ళు తగిలిన చప్పుడు రావాలి కదా. రాలేదు. ఒక పూట తప్పింది, రెండు పూటలు తప్పాయి, ఒకరోజు చూసుకుంటే నెలలు గడిచిపోయాయి. కోపం వచ్చి మానలేదు. ఎవరి మీదా, దేని మీదా కోపం లేదు. లోపల దీపం ఎప్పుడు కొండెక్కిందో తనకే తెలియలేదు, అంతే.

తల మీద గుడ్డ మాత్రం అలాగే ఉంది. దాన్ని చూసి బస్సులో ముసలాళ్ళు పక్కన చోటిస్తారు. దుకాణంలో ఆడవాళ్ళు నమ్మకంగా ఆమెనే పిలుస్తారు. ఇంకొకరి టిక్కెట్టు మీద ప్రయాణం చేస్తున్నట్టు ఉండేది ఆమెకు. కట్టుకున్నవాళ్ళను చూస్తే గౌరవం తగ్గలేదు. ఆ గౌరవం వల్లే తనది ఇంకా బరువెక్కింది.

కిందటి నెల ధైర్యం చేసి, హిజాబ్ ఇక తీసేస్తానని అక్కతో చెప్పింది. అక్క తిడుతుందనుకుంది. అక్క తిట్టలేదు. చాలాసేపు చేతిగాజు తిప్పుకుంటూ కూర్చుని, నీకూ పైవాడికీ మధ్యలో నేనెవరిని అంది. వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి అడిగింది.

“అమ్మ ఉన్నన్నాళ్ళు ఆగవే. అంతకంటే ఏమీ అడగను.”

ఆగుతానంది. అది పెద్ద కోరిక అనిపించలేదు అప్పుడు.

కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమె చోటు వెనుక గదిలో, కిటికీ పక్కన. బల్ల మీద అద్దాలు అరగదీసే చక్రం, దాని మీద సన్నగా కారే నీళ్ళగొట్టం, చిన్న చిన్న స్క్రూలున్న గాజు సీసాలు, ఫ్రేములు వంచడానికి వేడిగాలి వదిలే పెట్టె. పందొమ్మిదేళ్ళుగా అదే స్టూలు. అద్దం అంచును చక్రానికి ఆనించి వేళ్ళతో తిప్పుతుంటే, ఎంత అరిగిందో చూడక్కర్లేదు, చప్పుడును బట్టి తెలిసిపోతుంది. కొత్త జోడు తయారయ్యాక ముందు గదిలోకి వెళ్ళి మనిషికి పెట్టి చూసేదీ ఆమే. కాడలు చెవుల వెనుక ఎక్కడ ఒరుసుకుంటాయో వేలి కొసతో తడిమి కనిపెట్టి, వేడి చేసి వంచి, మళ్ళీ పెట్టి చూస్తుంది. ఊళ్ళో సగం మంది చెవులు ఆమెకు తెలుసు. పొడవువి, పొట్టివి, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నవి. ఏ ఇద్దరివీ ఒకలా ఉండవు.

యజమాని పెద్దాయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కోయించుకోమంటే రేపు మాపు అంటాడు. కళ్ళజోళ్ళు అమ్ముతూ నాకే కనపడదంటే బేరం పోతుందని అందరికీ తనే చెప్పి నవ్విస్తాడు. బేరాల దగ్గర ఉండే అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. మూడు నెలల క్రితం తనంతట తనే హిజాబ్ మొదలుపెట్టింది. వాళ్ళింట్లో ఎవరికీ అలవాటు లేదు, వద్దన్నారు కూడా. వినలేదు. మడతలు నేర్పమని ఈమె దగ్గరికే వచ్చింది. ఆమె మధ్యాహ్నం విరామంలో, వెనుక గది అద్దం ముందు నిలబెట్టి నేర్పింది. ఆ పిల్ల రోజుకో రంగు కడుతుంది, పూసల పిన్నులు పెడుతుంది, కట్టుకున్నాక ముఖం కడిగిన పింగాణీలా మెరుస్తుంది. ఆ మెరుపు నిజమైనదని ఆమెకు తెలుసు. పదేళ్ళప్పుడు తనకూ ఉండేది.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు ఆమె ఒక అద్దం పాడుచేసింది.

చక్రం మీద వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటే, మనసు తన పని తాను చేసుకుపోయింది. నర్సు వారాలో నెలలో అంది కదా. అంటే చలికాలం దాటేసరికి. ఆ పైన నలభై రోజుల సంతాపం. ఆ పైన తను… అక్కడిదాకా వచ్చేసరికి ఒళ్ళు జలదరించింది. తను ఏం లెక్కపెడుతోంది? ఆగడమంటే ఏమిటి? అమ్మ ఎప్పుడు పోతుందా అని గుమ్మం పక్కన కాచుకుని కూర్చోవడమే కదా. నెల రోజులుగా రోజూ పొద్దున అమ్మకు అన్నం పెడుతూ, పిన్నులు పెడుతూ, లోపలెక్కడో ఆ లెక్క కడుతూనే ఉందా? అద్దం చేతిలో జారి చక్రానికి అడ్డంగా తగిలి కీచుమంది. అంచు పెంకులా లేచిపోయింది.

పందొమ్మిదేళ్ళలో ఇది మూడో అద్దమో నాలుగోదో. పెద్దాయన చప్పుడు విని లోపలికి వచ్చి, విరిగిన అద్దాన్ని ముక్కుకు ఆనించుకుని చూసి, నేను చూడలేదులే, నాకెలాగూ కనపడదు అని వెళ్ళిపోయాడు. ఆమె ఇంకో అద్దం తీసి చక్రానికి ఆనించింది. అది పూర్తయ్యేసరికి తేల్చుకుంది. అమ్మ ఉండగానే తీసెయ్యాలి. అమ్మకు కనపడేలా, అమ్మ కోప్పడితే పడేలా. అమ్మ చావు మీద తన నిర్ణయాన్ని ఆనించి ఉంచకూడదు.

మధ్యాహ్నం పిల్లలవి రెండు జోళ్ళు, ఒక మేస్త్రీది, ఒక బడిపంతులమ్మది పూర్తిచేసింది. పంతులమ్మకు కాడలు సరిచేస్తూ, ఇప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని అయిదుసార్లు అడిగింది. ఎప్పుడూ రెండుసార్ల కంటే అడగదు.

అయిదున్నరకు బల్ల తుడిచి, నీళ్ళగొట్టం కట్టేసి, వెనుక గది అద్దం ముందు నిలబడింది. చేతులు పిన్నుల దగ్గరికి వెళ్ళి ఆగాయి. వాటికి విప్పడం తెలుసు. ఇంటి తలుపు వేసిన తరువాత విప్పడం తెలుసు. ఇక్కడ తెలియదు. మొదటి పిన్ను తీసింది. రెండోది కింద పడింది. గుడ్డ భుజాల మీదికి జారినప్పుడు మెడ వెనుక గాలి తగిలి రోమాలు లేచాయి. అద్దంలో ఒక నడివయసు మనిషి. నెరిసిన జుట్టు పాపిట దగ్గర అణిగిపోయి ఉంది. చెవులు రెండు పక్కలా విప్పుకుని నిలబడ్డాయి.

వెనుక చప్పుడైంది. బేరాల అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో రంగు పోయింది. వంగి, కింద పడ్డ పిన్నును ఏరి ఇచ్చింది.

“అక్కా… నేనేమైనా తప్పు చేశానా?”

ఎందుకలా అడిగిందో అర్థం కావడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. తనను చూసి ధైర్యం తెచ్చుకున్న పిల్ల. ఆమె ఆ పిన్నును తీసుకోలేదు. పిల్ల హిజాబ్ ఎడమ పక్క కాస్త జారి ఉంటే సర్ది, ఆ పిన్నుతోనే గట్టి చేసింది.

“నీది నీదేనమ్మా. నాది నాది. నీకిది ఎంత బాగుంటుందో నాకు తెలుసు.”

అమ్మాయి తలూపింది గాని కళ్ళు తుడుచుకుంటూనే వెళ్ళింది. పెద్దాయన తాళాలు పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి రాగానే మొహం ముందుకు పెట్టి, కళ్ళు చికిలించి చూశాడు. ఎవరో పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. పోల్చుకుని, ఈ వేళప్పుడు గాలి చల్లగా ఉంటుంది, చెవులు జాగ్రత్త అన్నాడు.

వీధి ఎంత చప్పుడుగా ఉంటుందో ఆమెకు ఇన్నాళ్ళూ తెలియనే లేదు. సైకిలు గంటలు, షట్టర్లు దింపుతున్న మోత, ఎవరో పిల్లను పేరుపెట్టి పిలవడం, అన్నీ తెర తీసినట్టు నేరుగా చెవిలో పడుతున్నాయి. గాలి జుట్టును లేపి ముఖం మీద వేస్తుంటే మాటిమాటికీ చెయ్యి పైకి పోతోంది. నలుగురూ తననే చూస్తున్నారనుకుని తల వంచుకుని పది దుకాణాలు దాటింది. తల ఎత్తి చూస్తే ఎవరూ చూడటం లేదు. ఎవరి గొడవ వాళ్ళది. ఏడాది పాటు ఆమెకు నిద్ర పట్టనివ్వని సంగతి, వీధిలో ఒక్కరికీ పట్టలేదు.

ఇస్త్రీ దుకాణం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు నెమ్మదించాయి. పెద్దావిడ ఎప్పటి స్టూలు మీదే కూర్చుని ఉంది. ఆమె వైపు చూసింది. చూపు ఒక్క క్షణం నిలిచి, దాటిపోయింది. గుర్తుపట్టలేదు. సలాం రాలేదు. ఆ సలాం తనది కాదని ఏడాదిగా అనుకుంటూనే ఉంది. అయినా అది రాకుండా ఆ మూల దాటాక ఆగి ఒకసారి తిరిగి చూసింది. వెనక్కి వెళ్ళి, నేనే పెద్దమ్మా, ఇన్నాళ్ళూ నీ మనవరాలి కోసం ఏమీ అడగలేదు, నీతో అబద్ధం చెప్పాను అని చెప్పాలనిపించింది. వెళ్ళలేదు. నడుస్తూనే, దువా అని కాదు గాని, ఆ పిల్ల కాలు బాగుపడితే బాగుండును అనుకుంది. గట్టిగా అనుకుంది.

నర్సు తలుపు తీసింది. ఆమె తల వైపు చూసింది, కళ్ళలోకి చూసింది. మనిషి పుట్టడం, పోవడం చూసి చూసి ఉన్న ముఖం. ఏదీ పైకి తేలలేదు. అమ్మ ఇవాళ రెండు ముద్దలే తిన్నదని, చేతులు చల్లగా ఉన్నాయని, మధ్యాహ్నం నుంచి నీకోసమే అడుగుతోందని చెప్పింది. ఏదైనా అయితే గోడ మీద కొట్టు, వస్తాను అని వెళ్ళిపోయింది.

అమ్మ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ఒళ్ళో కాజాలు సాగుతున్నాయి, పొద్దుటికంటే నెమ్మదిగా. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది. దారంతా ఏదేదో అనుకుంటూ వచ్చింది. అమ్మ తిడుతుందా, ఏడుస్తుందా, కప్పుకోవే సిగ్గులేనిదానా అంటుందా అని. అమ్మ తల ఎత్తి, ఇంటికి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు మర్యాదగా నవ్వింది.

“ఎవరమ్మా? కూర్చో. మా చిన్నమ్మాయి వచ్చే వేళయింది.”

నేనేనమ్మా అంది ఆమె. అమ్మ మళ్ళీ నవ్వింది. మా అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, దాని తల మీద గుడ్డ లేకుండా నేనెన్నడూ దాన్ని వీధిలో చూడలేదు అంది. ఆ చెప్పడంలో గొప్ప ఉంది. ఆమె లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. గ్లాసును అమ్మ రెండు చేతుల మధ్య పెట్టి, వాటిని తన చేతులతో కప్పి పట్టుకుని, ఎదురుగా నేల మీద కూర్చుంది. వేళ్ళు నిజంగానే చల్లగా ఉన్నాయి. కూర్చున్నాక, పరాయిదానిలాగే అడిగింది. మీ అమ్మాయి అంత చిన్నప్పటి నుంచే కట్టుకుందా అని.

అమ్మ చుట్టూ చూసి, ఎవరూ లేరని నమ్మకం చేసుకుని, గొంతు తగ్గించింది.

“దానికి చెవులు కాస్త పెద్దవమ్మా. బళ్ళో పిల్లలు చేట, చేట అని ఏడిపించేవాళ్ళు. రోజూ ఏడుస్తూ వచ్చేది. ఒకరోజు నా కత్తెర తీసుకుని మూల కూర్చుంది, చెవులు కోసేసుకుంటానని. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.”

కాసేపు ఊపిరి తీసుకుంది. మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి, కానీ తడబాటు లేదు. మూడేళ్ళుగా అమ్మ ఇంత పొడుగు సంగతి చెప్పి ఎరగదు.

“మర్నాడు పొద్దున్నే ముసుగు కట్టేశాను. నువ్వు పెద్దదానివయ్యావు, అందుకని అన్నాను. పెద్దదానికి కూడా కట్టలేదు అప్పటికి. పైవాడి పేరు చెప్పి కట్టాను. ఆయన ఏమనుకున్నాడో ఏమో.”

చేట. ఆ మాట ఆమె చెవిన పడి నలభై ఏళ్ళ పైనే అయింది. పడగానే అన్నీ లేచి వచ్చాయి. బడి వెనుక గోడ, గుంపుగా పిల్లలు, అరచేతులతో చెవులు మూసుకుని పరుగెత్తడం, చేతిలో కాజాల కత్తెర చల్లదనం. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయి? తను గుర్తుంచుకున్నది ఆ మర్నాటి గర్వం ఒక్కటే. దాని వెనుక ఉన్నదాన్ని అమ్మ ఒక్కతే మోసింది, ఎవరికీ చెప్పకుండా, తనకైనా చెప్పకుండా. అన్నీ మరిచిపోయిన బుర్రలో అదొక్కటి మరవకుండా దాచుకుంది.

ఇప్పుడు మీ అమ్మాయి ఆ ముసుగు తీసేస్తానంటే ఏమంటారు అని అడిగింది.

 అమ్మ కాజా కుట్టే వేళ్ళు గ్లాసు మీద ఆగిపోయాయి.

“ఇప్పుడు దాన్నెవరూ ఏడిపించడం లేదా?”

“లేదు. ఎవరూ ఏడిపించడం లేదు.”

“అయితే దాని ఇష్టం.”

అలా అని, ముందుకు వంగి ఆమె ముఖాన్ని పరీక్షగా చూసింది. నీ చెవులూ అలాంటివే, బాగున్నాయి అంది. చెయ్యి చాచి తాకబోయి, పరాయి మనిషని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

బయట వెలుగు తగ్గుతోంది. అమ్మ కిటికీలోంచి వీధిలోకి చూడటం మొదలుపెట్టింది. ఇంకా రాలేదే అంది. కాసేపటికి మళ్ళీ, ఇంత ఆలస్యం ఎన్నడూ చేయదే అంది. కనుకొలకుల్లో తడి. ఆమె అమ్మా, నేనే, చూడు అని దగ్గరికి జరిగితే, అమ్మ కంగారుగా కుర్చీలో వెనక్కి ఒదిగింది. తన టీని తాగకుండా, కిటికీ గట్టు మీదున్న ఖాళీ మంచినీళ్ళ గ్లాసులోకి సగం వంపింది. కాస్త గట్టు మీద ఒలికింది. టీతో వచ్చిన సాసరును ఆ గ్లాసు మీద బోర్లించి అక్కడే ఉంచింది. పనిచేసి అలిసి వస్తుంది, దానికి ఉండనీ అంది.

అది ఆమె చూడలేకపోయింది. లేచి లోపలి గదిలోకి వెళ్ళి, సంచిలోంచి బూడిదరంగు గుడ్డ తీసి కట్టుకుంది. ఈసారి మనసులో ఏ పీకులాటా లేదు. ఏ అబద్ధమూ లేదు. అమ్మ ఒకరి కోసం ఎదురు చూస్తోంది. ఆ ఒకరు తను. వంటింటి తలుపు తీసుకుని సందులోంచి చుట్టూ తిరిగి వీధి గుమ్మం దగ్గరికి వచ్చింది. అక్కడున్న చెప్పులు తొడుక్కుని, రోజూ లాగే విడిచింది. రోజూ లాగే తలుపు మీద రెండుసార్లు తట్టి తోసింది.

“అమ్మా, వచ్చాను.”

అమ్మ తల కిటికీ వైపు వాలి ఉంది. కళ్ళు సగం తెరిచి వీధినే చూస్తున్నాయి. ఒళ్ళో చేతులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వేళ్ళు కదలడం లేదు. ఆమె మొదట చూసింది ఆ వేళ్ళనే, చూడగానే తెలిసిపోయింది. అయినా దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, ఆలస్యమైందమ్మా అని ఇంకోసారి చెప్పింది. ఆ తరువాత చాలాసేపటికి గాని గోడ మీద కొట్టాలని గుర్తు రాలేదు.

నర్సు వచ్చి చెయ్యి పట్టి చూసి, కళ్ళు మూసింది. అమ్మను ఇద్దరూ కలిసి మంచం మీదికి చేర్చారు. కబురు అందుకుని అక్క వచ్చి, మంచం పట్టి మీద తల పెట్టి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నెమ్మదించాక, అక్కాచెల్లెళ్ళిద్దరూ గోడకు ఆనుకుని పక్కపక్కన కూర్చున్నారు. చిన్నప్పుడు నన్ను చేట అనేవాళ్ళా అక్కా అని ఆమె అడిగింది. అక్క కన్నీళ్ళ మధ్య ఉలిక్కిపడి చూసింది. ఇప్పుడెందుకే అది అంది. తరువాత తనే చెప్పింది. కత్తెర రోజున అమ్మ అన్నం ముట్టలేదట. అమ్మ తన కొత్త దుపట్టానే కోసి, అంచు మడిచి చిన్నదిగా కుట్టిందట. నీకే ముందు కట్టిందని నేను వారం రోజులు అలిగాను, ఎందుకు కట్టిందో నీకు చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకుంది అంది.

ఆమె పిన్నులు తీసింది. గుడ్డను నాలుగు మడతలు వేసి ఒళ్ళో పెట్టుకుంది.  అమ్మ ఉన్నన్నాళ్ళు అన్న మాట ఇద్దరి మధ్యా వచ్చి నిలబడింది.  అక్క చెయ్యి చాచి, చెల్లెలి ముఖం మీద పడ్డ జుట్టును తీసి చెవి వెనుకకు సర్దింది. జనం వస్తారే అని మాత్రం అంది. రానీ అక్కా అంది ఆమె.

మర్నాడు అమ్మకు స్నానం చేయించేటప్పుడూ, సాగనంపేటప్పుడూ ఆమె తల కప్పుకుంది. అది అమ్మ కోసం. ఆ తరువాత మళ్ళీ కప్పుకోలేదు. నాలుగో రోజున పనికి వెళ్తూ ఇస్త్రీ దుకాణం దగ్గర ఆగి, పెద్దావిడకు తనే ముందు సలాం చెప్పింది. ఆవిడ ముఖంలోకి తేరిపార చూసి, గొంతును బట్టి గుర్తుపట్టి, చాలాసేపటికి జవాబిచ్చింది. మనవరాలి సంగతి ఆ రోజు అడగలేదు. ఆ తరువాత కూడా అడగలేదు.

కానీ అదంతా తరువాతి మాట. ఆ సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గదిని సర్దడం మొదలుపెట్టారు. చాప పరిచారు, కుర్చీని గోడ వారకు జరిపారు. ఎవరో కిటికీ దగ్గరున్న గ్లాసును కడగడానికి చెయ్యి చాచారు. అది ఉండనివ్వండి, నా కోసం పెట్టింది అని ఆమె అంది. చాచిన చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. బోర్లించిన సాసరు కింద, ఒలికిన చుక్క పక్కన, సగం గ్లాసు టీ పైన మీగడ కట్టి చల్లారుతూ ఉంది.